వంటింటికి కొంచెము వెలుతురు



మా సంఘములో ఒక పెద్దమ్మ ఉన్నది. అరవై దాటినా పొలము పని మానలేదు, ఆదివారము ఆరాధనకు రావడమూ మానలేదు. ఆమె వరుసగా రెండు ఆదివారాలు కనబడకపోయేసరికి ఒక సాయంకాలము వారి ఇంటికి వెళ్ళాము. ముందు గది చక్కగా ఉన్నది. ట్యూబులైటు, గోడకు పెద్ద టీవీ, లేత గులాబీ రంగు గోడలు, నేలకు నున్నని బండలు. పెద్దమ్మ మంచము మీద కూర్చుని ఉన్నది. కుడి చెయ్యి మోచేతి దాక గుడ్డ చుట్టి ఉన్నది.

'ఏమైందమ్మా?' అని అడిగాము.

'గంజి వారుస్తుంటే సిబ్బి జారింది అయ్యగారూ. సరిగ్గా పడిందో లేదో చూపు ఆనలేదు' అన్నది.

పక్కనే ఉన్న కుమారుడు, 'ఎన్నిసార్లు చెప్పినా వినదండీ. కళ్ళు కనబడవు, అయినా పొయ్యి దగ్గరికి పోవడం మానదు' అన్నాడు.

ఆ మాట మాకు నచ్చలేదు. ఆమెకు కళ్ళ ఆపరేషను జరిగి ఏడాది కూడా కాలేదు. అద్దాలు పెట్టుకొని పాటల పుస్తకములో సన్నని అక్షరాలు తడుముకోకుండ చదువుతుంది. ఆదివారము ఆదివారము మేము చూస్తూనే ఉన్నాము. 'ఒకసారి వంటగది చూడవచ్చునా?' అని అడిగాము. ఇంట్లోవారు ఒకరి మొహము ఒకరు చూసుకొన్నారు. 'అక్కడంతా మసి అండీ, మీరెందుకు లోపలికి' అని కోడలు మొహమాటపడింది. అయినా వెళ్ళాము. బయట ఇంకా ఎండ పొడ ఉన్నది. గడప దాటి లోపల నిలబడితే పొయ్యి ఎక్కడున్నదో తెలియడానికి మాకు చాలాసేపు పట్టింది. పైన వాసాలు, దూలము, అటక అంతా నల్లగా నిగనిగలాడుతున్నది. గోడకు ఒక చిన్న గుండ్రటి బల్బు, దానిమీద జిడ్డు. అది వెలుగుతున్నదని కోడలు చెబితే గాని తెలియలేదు. ఆ మూల నిలబడి, ఆవిరి చిమ్మే అన్నపు గిన్నెను వంచి గంజి వార్చడము మా వల్ల అయ్యే పని కాదు. పెద్దమ్మ దానిని నలభై ఏండ్లుగా చేస్తున్నది.

ఇంటికి వచ్చి ఈ సంగతి మా ఇంటి అమ్మగారితో చెప్పాము. ఆమె చేతిలో పని ఆపకుండానే, 'వాళ్ళ వంటిల్లు చూసి వచ్చారు, బాగానే ఉంది. మన వంటింట్లోకి వచ్చి ఎన్నాళ్ళయింది?' అన్నది.

నిజమే. కంచములోకి వచ్చిన అన్నము తిని లేచిపోయే మగవారిలో మేమూ ఒకరము. పోగొట్టుకొన్న నాణెము కోసము దీపము వెలిగించి ఇల్లు ఊడ్చిన స్త్రీని గురించి ఎన్నోసార్లు ప్రసంగించాము. ఆ కాలపు పల్లె ఇండ్లలో వెలుతురు బహు తక్కువ అని వేదపాఠశాలలో పరీక్ష కోసము చదివాము కూడా. మన ఇంట్లోనే ఒకరు పగటిపూట దీపము వేసుకొని పోపులపెట్టె వెదుక్కొంటున్నారని మాత్రము గమనించలేదు. కాబట్టి ఈ నెల రాస్తున్నది పుస్తకములో చూసినది కాదు. ముందు మా ఇంట్లో మూడు శనివారములు చేసి, తరువాత ఆ పెద్దమ్మ ఇంట్లో చేసినది.

మొదట ఒక పని చేయండి. దీనికి ఖర్చు లేదు. ఉదయము పది గంటలకు వంటింట్లోకి వెళ్ళి, లైటు ఆర్పి, తలుపు ఎప్పుడూ ఉండేటట్లే ఉంచి, పొయ్యి ముందు నిలబడండి. చేటలో బియ్యము పట్టుకొని రాళ్ళు ఏరి చూడండి. ఏరగలిగితే మీ వంటిల్లు బాగున్నట్లే, ఈ పేజీ పక్కింటివారికి ఇవ్వండి. ఏరలేకపోతే వెలుతురు ఎటునుండి రావాలో, దానికి ఏది అడ్డమో చూడండి. మగవారే ఈ పరీక్ష చేయాలని మా మనవి. ఇంటి ఆడవారికి ఆ చీకటి అలవాటై, అడిగితే 'బాగానే కనబడుతుందిలే' అంటారు.

మా ఇంట్లో అడ్డము ఏమిటో చెబితే నవ్వుతారు. తూర్పు గోడకు కిటికీ ఉన్నది. దాని ముందు ఒక పాత చెక్క బీరువా. అందులో ఏముందని తెరిస్తే, క్రిస్మసు నాటకపు కిరీటాలు, జ్ఞానుల అంగీలు, గొల్లల కర్రలు! మేము ఈ ఊరికి రాకముందునుండే అది అక్కడ ఉన్నదట. ఎవరూ కదపలేదు. ఇద్దరు యౌవనస్థులను పిలిచి వెనుక గదిలోకి జరిపించాము. కిటికీ రెక్కలకు ఎప్పుడో అంటించిన పాత పేపర్లు నానబెట్టి గీకివేశాము. ఆ రోజు వచ్చిన వెలుతురుకు మాకు అయిన ఖర్చు రెండు గ్లాసుల టీ. చాలా ఇండ్లలో ఇదే సంగతి. కిటికీకి అడ్డముగా బియ్యపు బస్తాలు, ఊరగాయ జాడీలు, ఎవరూ వాడని ఇత్తడి బిందెలు ఉంటాయి. చూరు కిందికి వాలిన కొమ్మలు ఉంటాయి. బజారుకు వెళ్ళి ఏదైనా కొనేముందు ఇవి తీయండి.

తరువాత మసి. తెల్లని గోడ తన మీద పడిన వెలుతురులో నూటికి ఇంచుమించు ఎనభై వంతులు తిరిగి గదిలోకి పంపిస్తుంది. మసి పట్టిన గోడ పది వంతులు కూడా పంపించదు, మిగిలినదంతా మింగివేస్తుంది. అందుచేత మసిగోడల మధ్య ఎంత పెద్ద బల్బు పెట్టినా బల్బు ఒక్కటే కనబడుతుంది గాని గది కనబడదు. కొందరు 'మసి తెలియకుండా ఉంటుంది' అని వంటింటికి ముదురు ఆకుపచ్చ, ముదురు ఎరుపు రంగులు వేయిస్తారు. మా అభిప్రాయము అడిగితే అది పొరపాటు. మురికి కనబడకపోవడము వల్ల మురికి పోదు గదా! ఉన్న వెలుతురు కూడా పోతుంది.

మసి దులపడములో మేము చేసిన తప్పు మీరు చేయకండి. తడిగుడ్డతో మొదలుపెట్టాము. వంటింటి మసిలో నూనె జిడ్డు కలిసి ఉంటుంది. తడి తగిలితే అది కాటుకలాగా గోడంతా అలుముకొంటుంది. మా ఇంటి అమ్మగారు చూసి గుడ్డ లాగేసుకొన్నారు. ముందు పొడిగానే దులపాలి. తలకు గుడ్డ, ముక్కుకు గుడ్డ కట్టుకొని, బూజు కర్రకు కొత్త చీపురు కట్టి, పైకప్పునుండి కిందికి దులిపి, రాలినదంతా ఎత్తివేయాలి. గిన్నెలు, ఉప్పు, పప్పు డబ్బాలు ముందే బయటికి చేర్చండి. ఆ తరువాత వేడినీళ్ళలో చాకలి సోడా గాని బట్టల సబ్బుపొడి గాని కలిపి, కొబ్బరి పీచుతో రుద్ది కడగాలి. మట్టి గోడ అయితే కడగవద్దు, గీకి మెత్తడమే. సిమెంటు గోడను కింద నుండి పైకి కడుగుతూ వెళ్ళండి. ఇది ఒక రంగుల మేస్త్రి మాకు చెప్పిన కిటుకు. పైనుండి మొదలుపెడితే నల్లనీళ్ళు పొడిగోడ మీద కారి చారలు కడతాయి, ఆ చారలు పోవు. చివరకు మంచినీళ్ళతో కడిగి రెండు రోజులు ఆరనివ్వండి. జిడ్డు మిగిలి ఉంటే దానిమీద వేసిన సున్నము పచ్చబడుతుంది, పొరలుగా ఊడిపోతుంది. సున్నము మంచిది కాదని అప్పుడు అంగడివాడిని తిట్టుకొంటాము.

సున్నము అంటే ఈ రోజుల్లో కొందరికి చిన్నచూపు. రంగుల డబ్బాలు వచ్చిన తరువాత సున్నము పశువుల కొట్టానికి, చెట్ల మొదళ్ళకు అన్నట్లు అయినది. అయితే తక్కువ డబ్బుతో గదికి తెలుపు తేవాలంటే ఇప్పటికీ సున్నమునకు సాటి లేదు. అది గోడ మీద ఆరుతూ గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మరల రాయిగా గట్టిపడుతుంది. గోడలోని చెమ్మను ఊపిరాడనిస్తుంది గనుక పాత మట్టి గోడలకు, సున్నపు గోడలకు రంగుల కన్నా ఇదే నప్పుతుంది.

మేము చేసిన విధము ఇది. పది కిలోల రాతి సున్నము తెచ్చాము. ఇనుప డ్రమ్ములో ముందు నీళ్ళు పోసి, సున్నపు గడ్డలు కొన్ని కొన్నిగా వేశాము. అది బుసబుస పొంగి మరుగుతుంది, చిమ్ముతుంది. కాబట్టి పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వవద్దు, మీరూ మొహము వంచి చూడవద్దు. ప్లాస్టిక్ బకెట్టులో చేయకండి, వేడికి మెత్తబడుతుంది. రెండు రోజులు నాననిచ్చి, పలుచని గుడ్డలో వడకట్టి, చిక్కని మజ్జిగ మాదిరిగా నీళ్ళు కలిపాము. చేతికి అంటకుండా ఉండడానికి నానబెట్టిన తుమ్మబంక వడకట్టి పోశాము. బంక దొరకనివారు పలుచని గంజి, గుప్పెడు ఉప్పు కలుపుతారు. కొంచెము నీలిమందు వేస్తే తెలుపు తేటగా కనబడుతుంది. ఎక్కువైతే మాత్రము గోడ ఆకాశములాగా అవుతుంది, మా వంటింటి ఒక మూల అలాగే అయినది.

వేసే ముందు గోడను నీళ్ళతో తడపండి. పలుచగా వేయండి. వేసినప్పుడు వెనుక మరకలన్నీ కనబడి, 'ఏమీ పట్టలేదు' అనిపిస్తుంది. అక్కడే అందరూ తొందరపడి చిక్కగా పూస్తారు. తడి ఆరేకొద్దీ సున్నము తెల్లబడుతుంది, ఒక పూట ఓపిక పట్టాలి. మూడు పలుచని పూతలు ఒక మందపు పూత కన్నా ఎంతో మేలు. మందపు పూత నెర్రెలిచ్చి రాలుతుంది, కూరలో పడుతుంది. ఇంకొక మాట. పైకప్పుకు సున్నము వేసేటప్పుడు కళ్ళకు అద్దాలు పెట్టుకోండి, చలువ అద్దాలైనా సరే. కంటిలో చుక్క పడితే నలపకుండ, వెంటనే ధారగా మంచినీళ్ళతో పావుగంటకు తక్కువ కాకుండ కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి. ఇందులో అశ్రద్ధ పనికిరాదు. చూపు కోసము మొదలుపెట్టిన పనిలో చూపు పోగొట్టుకోకూడదు.

పొయ్యి వెనుక గోడకు సున్నము నిలవదు. అక్కడ తాళింపు చిందుతుంది. పట్టణములో టైల్స్ అమ్మేచోట పెట్టెలో మిగిలిపోయిన విడి బిళ్ళలు చవకగా ఇస్తారు. తెల్లవి అడిగి తెచ్చి, పొయ్యి వెనుక రెండు మూడు అడుగుల ఎత్తు అతికించుకొంటే గుడ్డతో తుడిస్తే చాలు. అన్నీ ఒకే కొలత దొరకలేదని బాధపడవద్దు. మా ఇంట్లోవి మూడు రకాలు, ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ఇప్పుడు పైకప్పు సంగతి. పెంకుటిండ్లవారికి ఇందులో డాబా ఇండ్లవారి కన్నా అదృష్టమున్నది. మన ఊళ్ళలో మంగుళూరు పెంకులని, కొన్నిచోట్ల బెంగుళూరు పెంకులని పిలిచే ఎర్రపెంకుకు ఒక కథ ఉన్నది. బాసెల్ మిషను వారు 1865లో మంగుళూరులో పెట్టిన కర్మాగారములో ఆ పెంకులు చేయడము మొదలుపెట్టారు. సంఘములో చేరి బ్రతుకుతెరువు పోగొట్టుకొన్నవారికి పని చూపించడము మిషనువారి ఉద్దేశములలో ఒకటి. ఆ పెంకులు పడమటి తీరమునుండి దేశమంతటికీ ప్రాకినవి. అదే అచ్చులో గాజు పెంకులు కూడా దొరుకుతాయి. ఒక మట్టి పెంకు తీసి, అదే చోట గాజు పెంకు దూర్చితే సరిపోతుంది. కర్ర కోయనక్కరలేదు, గోడ పగలగొట్టనక్కరలేదు. ఒకటి రెండు చాలు. పగలు వంటింట్లో లైటు వేయవలసిన పని ఉండదు.

అయితే ఎక్కడ పెట్టాలన్నది ముఖ్యము. మేము తెలియక పడమటి వాలులో, సరిగ్గా పొయ్యి పైన పెట్టించాము. వేసవి మధ్యాహ్నము ఎండ వచ్చి వంట చేసేవారి నడినెత్తిన పడింది. 'వెలుతురు అడిగితే నిప్పు పెట్టారు' అన్నారు మా ఇంటి అమ్మగారు. మరుసటి వారము దానిని ఉత్తరపు వాలులోకి మార్పించాము. అక్కడ వెలుతురు నిదానముగా ఉంటుంది, కాక తక్కువ. పైన ఆకులు, కింద మసి చేరుతుంటాయి, నెలకొకసారి తుడవాలి. గూన పెంకుల ఇంటికి ఈ గాజు పెంకు అమరదు, వర్షము కారుతుంది.

రేకుల ఇండ్లవారు పారదర్శకముగా ఉండే ఫైబరు రేకు ఒకటి వేసుకోవచ్చును. సిమెంటు రేకులను మాత్రము రంపముతో కోయకండి, పగలగొట్టకండి. పాత సిమెంటు రేకులో రాతినార ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చెడ్డది. తీయవలసి వస్తే రేకు రేకుగానే విప్పించి మార్చండి. ఇనుప రేకుల ఇండ్లకు ఇంకొక ఉపాయము ఉన్నది. బ్రెజిల్ దేశములో అల్ఫ్రెడో మోజర్ అనే మెకానిక్ 2002లో కరెంటు కోతల కాలములో దీనిని కనిపెట్టాడు. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు నింపి, పాచి పట్టకుండా రెండు మూతలు బ్లీచింగు ద్రావకము పోసి, రేకుకు రంధ్రము చేసి సగము పైకి, సగము లోపలికి ఉండేటట్లు బిగిస్తారు. పైన పడిన ఎండ నీళ్ళగుండా వంగి గది నలుమూలలకు వ్యాపిస్తుంది. ఎండను బట్టి నలభై నుండి అరవై వాట్ల పాత బల్బు అంత వెలుతురు వస్తుందని చెబుతారు. ఫిలిప్పీన్సు దేశములో 2011నుండి పేదల పేటలలో వేలాది ఇండ్లకు దీనిని పెట్టారు. మా సంఘములో ఒక తమ్ముడు తన రేకుల షెడ్డుకు చేసుకొన్నాడు. రంధ్రము చుట్టూ వానకు కారకుండ పూత పట్టించడమే అందులో కష్టమైన పని, రెండుసార్లు కారింది, మూడవసారి నిలిచింది. తాటాకు ఇండ్లకు ఇవేవీ కుదరవు. వాటికి వెలుతురు తలుపునుండి, గోడనుండే రావాలి. మట్టి గోడకు సొంతముగా కన్నము వేయకండి, పైన బరువు ఉంటుంది. మేస్త్రిని పిలిచి, పైన బద్ద పెట్టించి సిమెంటు జాలీ బిగించుకోవాలి. జాలీ వల్ల పొగ కూడా పోతుంది.

రాత్రి మాటకు వద్దాము. పెద్దమ్మ ఇంట్లో ఉన్నది 'జీరో బల్బు'. కరెంటు కాలదని పేరుగాని, పాతకాలపు జీరో బల్బు పన్నెండు, పదిహేను వాట్లు కాలుస్తుంది. తొమ్మిది వాట్ల ఎల్.ఈ.డి. బల్బు అంతకన్నా తక్కువ కాల్చి, పాత అరవై వాట్ల బల్బు అంత వెలుతురు ఇస్తుంది. రోజుకు నాలుగు గంటల చొప్పున నెలకు లెక్క వేస్తే అరవై వాట్ల బల్బుకు ఏడు యూనిట్లకు పైన అవుతుంది, ఎల్.ఈ.డి.కి ఒక యూనిట్టుకు కొంచెము పైన. 2015 జనవరిలో కేంద్ర ప్రభుత్వము మొదలుపెట్టిన ఉజాలా పథకములో ఈ బల్బులు తక్కువ ధరకు ఎన్నో పల్లెలకు చేరినవి. పెద్దమ్మ ఇంటికీ చేరినవి. ఒకటి ముందు గదిలో, ఒకటి వరండాలో, ఒకటి గేటు మీద పెట్టారు.

బల్బు ఎక్కడ ఉండాలి అన్నది బల్బు ఎంత పెద్దది అన్నదానికన్నా ముఖ్యము. సాధారణముగా కరెంటు పనివాడు తలుపు పక్కన, గది మధ్యలో, తన వైరుకు దగ్గరైన చోట బిగించి వెళ్ళిపోతాడు. పొయ్యి ఎదుటి గోడకు ఉంటుంది. వంట చేసే మనిషి బల్బుకు వీపు పెట్టి నిలబడుతుంది. ఆమె నీడ సరిగ్గా గిన్నెలో పడుతుంది. మీ ఇంట్లో ఈ రాత్రి చూడండి, మేము చెప్పినది నిజమో కాదో. బల్బు ఆమెకు ముందువైపు, కొంచెము ప్రక్కగా, ఆవిరి నేరుగా తగలని ఎత్తులో ఉండాలి. కత్తిపీట వేసుకొని కూర్చునేచోట ఇంకొక చిన్నది ఉంటే మరీ మంచిది. వైర్లు పొయ్యి మంటకు, తడికి దూరముగా గొట్టములో వేయించండి. స్విచ్చి తడిచేతులకు అందనంత దూరములో ఉండాలి. వారానికొకసారి స్విచ్చి ఆపి, చల్లారిన బల్బును పొడిగుడ్డతో తుడవాలి. జిడ్డు పట్టిన బల్బు మసిగుడ్డలో దాచిన దీపము వంటిది.

ఇంత చేసినా, కట్టెల పొయ్యి గదిలోనే ఉంటే ఆరు నెలలలో గోడలు మరల నల్లబడతాయి. గోడ నల్లబడినంతగా ఊపిరితిత్తులు కూడా నల్లబడతాయని మన ఆడవారు దగ్గుతున్నప్పుడు మనకు తోచదు. ఇండ్లలోని వంటపొగ మూలముగా 2020వ సంవత్సరములో ప్రపంచములో 32 లక్షలమంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో అయిదేండ్ల లోపు బిడ్డలు రెండు లక్షలకు పైగా ఉన్నారు. 1999లో మన రాష్ట్రములో దీపము పథకము, 2016లో కేంద్రపు ఉజ్జ్వల పథకము వచ్చి గ్యాసు చాలా ఇండ్లకు చేరినది. చేరినా, సిలిండరు ధర చూసి కూరకు, టీకి మాత్రమే గ్యాసు వాడి, అన్నమునకు, నీళ్ళకు కట్టెలు పెట్టే ఇండ్లు మన సంఘములలో చాలా ఉన్నవి. వారిని తప్పుపట్టడము లేదు, మా ఇంట్లోనూ స్నానపు నీళ్ళు కట్టెల మీదనే. అటువంటప్పుడు కట్టెల పొయ్యిని దొడ్డివైపు వసారాలోకి, నాలుగు గుంజల మీద చిన్న చూరు కిందికి మార్చడము ఒక్కటే మార్గము. గాలివాటము చూసుకొని, చూరు తాటాకు కాకుండ రేకు అయ్యేటట్లు చూసుకోండి, నిప్పురవ్వల భయము ఉండదు.

మా వంటింటికి మొత్తము ఖర్చు లెక్క రాసి ఉంచాము. సున్నము, బంక, నీలిమందు, కుంచె కలిపి 380 రూపాయలు. గాజు పెంకులు రెండు 500. బల్బులు, హోల్డర్లు, వైరు 430. విడి టైల్స్ 200. మేస్త్రికి ఒక పూట కూలి 500. మొత్తము 2,010 రూపాయలు. పెంకు మార్పించడానికి రెండవసారి వచ్చిన మేస్త్రి డబ్బు తీసుకోలేదు, భోజనము చేసి వెళ్ళాడు. మీ ఊరి ధరలు వేరుగా ఉండవచ్చును.

ఈ కాగితము పట్టుకొని పెద్దమ్మ కుమారుని దగ్గరికి వెళ్ళాము. అతడు మంచివాడే, తల్లి అంటే ప్రేమ ఉన్నవాడే. లెక్క చూసి, 'వంటింటిని ఎవరు చూస్తారు అయ్యగారూ? వచ్చినవాళ్ళు ముందు గదిలోనే కూర్చుంటారు గదా' అన్నాడు.

'వచ్చినవాళ్ళు ఒక గంట కూర్చుంటారు బాబూ. మీ అమ్మ, నీ భార్య ఆ గదిలో రోజుకు ఎన్ని గంటలు ఉంటారో ఎప్పుడైనా లెక్క పెట్టావా?' అని అడిగాము. ఏమీ అనలేదు. కోడలు గుమ్మము దగ్గర నిలబడి వింటున్నది. 'తెల్లవారుజామున రెండున్నర, సాయంత్రం మూడు. ఆదివారం ఇంకా ఎక్కువ' అని మెల్లగా చెప్పింది. అతడు ఆ కాగితము మడిచి జేబులో పెట్టుకొన్నాడు. ముందు గదికి ఆ ఏడాది మరల రంగు వేయించాలని దాచిన డబ్బు ఉన్నదట, ఆ సంగతి తరువాత తెలిసినది.

మసి దులపడానికి యౌవనస్థులు అయిదుగురు వచ్చారు. సాయంత్రానికి వారిని గుర్తుపట్టడము కష్టమైనది. అటకమీద నుండి తట్టెడు మసి, విరిగిన రెండు ఉట్లు, ఒక తేలు దిగినవి. తేలును చూసి కుమారుడు చాలాసేపు మాట్లాడలేదు. సరిగ్గా దాని కిందనే రోజూ బిడ్డ పీట వేసుకొని కూర్చుని పాలు తాగుతాడు. మరుసటి వారము సున్నము, ఆ పై వారము గాజు పెంకు, పొయ్యి ఎదుట బల్బు పడినవి. కాలిన చెయ్యి మానినది, మచ్చ మిగిలినది.

మొన్న వెళ్ళినప్పుడు పెద్దమ్మ మమ్మల్ని తానే లోపలికి పిలిచింది. పొయ్యి దగ్గర కూర్చుని బియ్యము ఏరుతున్నది. 'ఎలా ఉందమ్మా?' అని అడిగితే, 'బాగానే ఉంది గాని అయ్యగారూ, ఇప్పుడు ప్రతి బూజుపోగూ కనబడుతోంది. పని పెరిగింది' అన్నది. కోడలు నవ్వు ఆపుకోలేకపోయింది.

కట్టెల పొయ్యి మాత్రము ఇంకా లోపలే ఉన్నది. బయటకు మార్చుదామంటే పెద్దమ్మ ఒప్పుకోవడము లేదు, వానకు తడుస్తుందని, కుక్కలు వస్తాయని ఆమె అభ్యంతరము. కుమారుడు దొడ్లో గుంజలు నాలుగు పాతి ఉంచాడు. రేకు తెచ్చేలోపు ఆమెను ఒప్పించమని మాకు చెప్పాడు. వచ్చే శనివారము మా ఇంటి అమ్మగారిని వెంటబెట్టుకొని వెళ్తున్నాము.